మెలకువ వచ్చిన క్షణంలో పలికే పన్నెండు మాటలు: ‘మోదే అని’ని తెలుగులో ఎలా చెప్పాలి?

పొద్దుపొడుపు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను చాలాకాలం తెలుగు బోధించి ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నాను. వేర్వేరు మతాలవారి వేకువ ప్రార్థనలను చదువుతూ, యూదులు కళ్లు తెరిచిన వెంటనే, ఇంకా పడక మీద ఉండగానే పలికే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. హీబ్రూలో అది మొత్తం పన్నెండు మాటలు: “మోదే అని లెఫానేఖా, మెలెఖ్ ఖాయ్ వెకయ్యామ్, షెహెఖెజర్తా బీ నిష్మతీ బెఖెమ్లా, రబ్బా ఎమూనతేఖా.” స్త్రీలు మొదటి మాటను ‘మోదా’ అంటారు. యూదుల ఇళ్లలో మాటలు నేర్చుకుంటున్న పిల్లలకు మొట్టమొదట నేర్పే ప్రార్థనలలో ఇది ఒకటి.

ఇందులోని ‘అని’ మన ‘అని’ కాదు. హీబ్రూలో దానికి ‘నేను’ అని అర్థం. మొదటిసారి చదివినప్పుడు నా తెలుగు చెవి ఆ మాట దగ్గర కొంత తడబడింది కనుక ముందే చెబుతున్నాను.

నేను చేసుకున్న అనువాదం ఇది: “సజీవుడవు, శాశ్వతుడవు అయిన రాజా, గొప్ప కనికరంతో నా ఆత్మను నాకు తిరిగి ఇచ్చినందుకు నేను నీకు కృతజ్ఞతలు తెలుపుతున్నాను, నీ విశ్వసనీయత గొప్పది.” వ్యాకరణపరంగా ఇందులో లోపం కనిపించకపోయినా, చదివిన ప్రతిసారీ ఇది సన్మానసభలో వందన సమర్పణలా వినిపిస్తోంది. నిద్రమత్తు ఇంకా వదలని మనిషి నోటి నుండి వచ్చే మాట ఇలా ఉండదు. మొదటి మాట, చివరి మాట, నడుమ ‘నిష్మతీ’లో ఉన్న ‘నెషమా’ అనే మాట, ఈ మూడింటి దగ్గరా నాకు సందేహం ఉంది. ఈ ప్రార్థనను చదివినవారు, విన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి సహాయం చేయగలరు.

పాతపుస్తకాలు

పొద్దుపొడుపు గారికి నమస్కారం. మంచి విషయం ఎత్తుకున్నారు. అర్థం గురించి మాట్లాడేముందు ఆ వాక్యం ఎక్కడినుండి వచ్చిందో చెప్పుకుంటే ఉపయోగం ఉంటుంది.

పన్నెండు మాటల ఈ రూపం యూదుల ప్రాచీన ధర్మచర్చల సంకలనమైన తాల్ముదులో లేదు. గలిలయలోని సఫెద్ పట్టణానికి దగ్గరలో విద్యాపీఠం నడిపిన రబ్బీ మోషే బెన్ మఖీర్ రాసిన ‘సెదెర్ హయ్యోమ్’, అంటే దినచర్యా క్రమం అనే గ్రంథంలో ఇది మొదట కనిపిస్తుంది. అది 1599లో వెనిస్‌లో అచ్చయింది. అదే సఫెద్‌లో జీవించిన యోసెఫ్ కారో ధర్మశాస్త్ర సంగ్రహమైన ‘షుల్ఖాన్ అరూఖ్’ 1565లోనే ముద్రణ పొందింది. తెల్లవారి సృష్టికర్త సేవకు సింహంలా లేవాలన్న మాటతో మొదలయ్యే ఆ గ్రంథంలో కూడా ఈ వాక్యం కనిపించదు. ఈనాడు ఎంతో పురాతనమని అందరూ భావించే ఈ ప్రార్థన వయస్సు, యూదుల లెక్కలో చూస్తే, చాలా తక్కువ.

అంతకుముందు లేవగానే ఏమనేవారు? తాల్ముదులోని బెరఖోత్ భాగం 60వ పుటలో దానికి సమాధానం ఉంది. “నా దేవా, నీవు నాలో ఉంచిన ప్రాణం నిర్మలమైనది” అని మొదలయ్యే ‘ఎలోహాయ్ నెషమా’ అనే కొంత పెద్ద ప్రార్థన అది. అయితే దానిలో దైవనామం ఉంది. రాత్రంతా నిద్రించిన చేతులను కడుక్కోకుండా ఆ నామాన్ని పలకరాదన్న నియమం స్థిరపడటంతో, కళ్లు తెరవడానికీ చేతులు కడుక్కోవడానికీ నడుమ మౌనంగా గడిచే కొన్ని క్షణాలు మిగిలిపోయాయి. ‘మోదే అని’ ఆ ఖాళీలో వచ్చి కూర్చుంది. ఇందులో దైవనామాలేవీ లేవు, ‘రాజా’ అన్న సంబోధన మాత్రమే ఉంది. అందుకే నీళ్లు ముట్టక ముందే దీన్ని పలకవచ్చు. ఖబాద్ అనే యూదు భక్తి సంప్రదాయంవారు దీన్ని మరో కోణం నుండి చూసి, దైవనామం లేదు కనుకనే లోకంలోని ఏ అశుద్ధీ ఈ ప్రార్థనను మలినపరచలేదని బోధిస్తారు.

మీ అనువాదంలో ఒక పొరపాటు గురించి మన్నించి వినండి. ‘గొప్ప’ అన్న విశేషణాన్ని మీరు రెండుసార్లు వాడారు, మూలంలో అది ఒక్కసారే ఉంది. ‘రబ్బా’ అనేది ‘ఎమూనతేఖా’కు చెందినది. ‘బెఖెమ్లా’ (కనికరంతో) తరువాత కొద్దిగా ఆగి, ఆ పైన “రబ్బా ఎమూనతేఖా” అని పలకాలని షుల్ఖాన్ అరూఖ్‌కు వ్యాఖ్యానమైన ‘మిష్నా బెరూరా’ కూడా చెబుతుంది. ఆగకపోతే విశేషణం కనికరానికి అతుక్కుని, చివరి మాట ఒంటరిగా మిగిలిపోతుంది. చివరి రెండు మాటలు విలాపవాక్యములు మూడవ అధ్యాయం 23వ వచనం నుండి తీసుకున్నవి. తెలుగు బైబిలులో అది “నీవు ఎంతైన నమ్మదగినవాడవు” అని ఉంది.

కోనసీమ ఆడపడుచు

మాస్టారూ, నమస్కారమండి. నేను పుస్తకాలు చదువుకున్న దానిని కాను. ఇశ్రాయేలు దేశంలోని హైఫాలో ఒక పెద్దావిడ ఇంట్లో ఉంటూ ఆమె బాగోగులు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. మన తెలుగువారు ఇక్కడ ఈ పనిలో చాలామంది ఉన్నారు. ఆమెను నేను ‘సవ్తా’ అంటాను, అంటే అమ్మమ్మ అని. ఆమె వయస్సు తొంభై దాటింది. మీరు రాసిన పన్నెండు మాటలనూ నేను ప్రతి ఉదయం ఆమె నోటినుండి వింటున్నాను కనుక ఆ గదిలో ఏమి జరుగుతుందో రాస్తాను. అది మీ అనువాదానికి పనికివస్తుందేమో మీరే చూడండి.

సవ్తా కళ్లు తెరిచినా వెంటనే కదలలేదు. చూపు నిలదొక్కుకోవడానికే కొంతసేపు పడుతుంది. ఆ తరువాత ఇంకా పడుకునే, పైకప్పు వైపు చూస్తూ “మోదా అని” అంటుంది. ఆ గొంతు మీరన్నట్టు సభలో మాట్లాడే గొంతు కాదు. రాత్రి పిలిస్తే పలికిన మనిషిని తెల్లవారాక మళ్లీ చూసినప్పుడు “ఉన్నావా” అన్నట్టుగా ఉంటుంది. ‘బెఖెమ్లా’ తరువాత ఆగడం గురించి పాతపుస్తకాలు గారు రాసింది చదివాక నాకు ఒక సంగతి తెలిసింది. సవ్తా అక్కడ ఆగేది ఊపిరి అందక కాబోలని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

తరువాత మంచం పక్కన పళ్లెంలో పెట్టిన రెండు పిడుల చెంబుతో నీళ్లు పోస్తాను. కుడి చేతిమీద ఒకసారి, ఎడమ చేతిమీద ఒకసారి, అలా మార్చి మార్చి మూడేసి సార్లు పోయాలి. ఆ నీళ్లను ఆమె చిన్ననాటి యిద్దిష్ భాషలో ‘నెగల్ వాసర్’, అంటే గోళ్లనీళ్లు అంటుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడినుండి మొదలవుతుందండి. చేతులు కడిగాక ఆమె ఒక్కొక్క దీవెన చెబుతూ ఉంటుంది. గుడ్డివారి కళ్లు తెరిచేవాడా అంటుంది, అప్పుడు నేను కళ్లద్దాలు పెడతాను. బంధితులను విడిపించేవాడా అంటుంది, అప్పుడు ఆమె వీపు వెనుక చేయి పెట్టి లేపి కూర్చోబెడతాను. దిగంబరులకు వస్త్రమిచ్చేవాడా అన్నప్పుడు చేతులు పైకెత్తించి చొక్కా తొడుగుతాను. వంగినవారిని నిలబెట్టేవాడా అన్నప్పుడు ఆమె బరువంతా నా భుజాలమీద ఆనుతుంది. నీళ్లమీద భూమిని పరిచినవాడా అంటూ పాదాన్ని నేలమీద పెడుతుంది. మొదట్లో ఆ మాటల అర్థం నాకు తెలియదు. ఆమె మనవరాలు ఒకరోజు కూర్చుని ఒక్కొక్కటీ నాకు వివరించింది. అది విన్న మరుసటి ఉదయం సవ్తాను నిలబెడుతున్నప్పుడు నా చేతులు వణికాయి. దేవుడు చేస్తాడని ఆమె చెబుతున్న ప్రతి పనీ ఆ గదిలో నా చేతులతో జరుగుతోంది.

కృతజ్ఞత అంటే నాకు తెలిసినంతలో అది. ఆమె నాకు వేరుగా ‘తోదా’ అని కూడా చెబుతుంది, అంటే ‘కృతజ్ఞతలు’ అని. ‘మోదా’, ‘తోదా’ ఒకే వేరునుండి వచ్చిన మాటలని మనవరాలు చెప్పింది.

పాతపుస్తకాలు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు తెలియకుండానే ఒక పాత వివాదాన్ని మీరు తీర్చారు. తాల్ముదులో ఆ దీవెనలు ఉన్నది సరిగ్గా మీరు చెప్పిన తీరులోనే. కోడికూత వినగానే ఒకటి, కళ్లు తెరవగానే ఒకటి, లేచి కూర్చోగానే ఒకటి, బట్ట కట్టుకోగానే ఒకటి. ఏ పనికి ఆ దీవెన, ఆ పని జరుగుతుండగానే. కాలక్రమంలో వాటన్నింటినీ సమాజమందిరంలో వరుసగా ఒకేసారి చదివే ఆచారం వచ్చింది. పన్నెండవ శతాబ్దపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిదేస్ దానిని అంగీకరించలేదు. పని జరిగినప్పుడే, అది జరిగిన మనిషే దీవెన చెప్పాలన్నది ఆయన అభిప్రాయం. పుస్తకం చూసి చదివినప్పుడు అది జాబితా అవుతుంది. మీ గదిలో మాత్రం అది మొదట ఎలా ఉండాలని ఉద్దేశించారో అలాగే ఉంది.

ఫజర్ వేళ

ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లో పిల్లలకు నేర్పే దువా గుర్తుకు వచ్చింది. నిద్ర లేవగానే మేము “మమ్మల్ని మరణింపజేసిన తరువాత బ్రతికించిన అల్లాహ్‌కే స్తోత్రం, తిరిగి లేచి చేరవలసింది ఆయన వద్దకే” అని చెప్పుకుంటాము. నిద్రను చిన్న మరణంగా చూడటం యూదులలో కూడా ఉందా అని తెలుసుకోవాలని అడుగుతున్నాను. మా పొరుగింటి పెద్దమ్మగారు లేవగానే అరచేతులు చూసుకుని “కరాగ్రే వసతే లక్ష్మీ” అనుకోవడం, నేలమీద కాలు పెట్టేముందు భూదేవిని మన్నించమని అడగడం నేను చిన్నప్పటినుండి చూశాను. అక్కడ హైఫాలో ఆ పెద్దావిడ పాదం నేలను తాకేటప్పుడు పలికే మాట చదవగానే పెద్దమ్మగారి పాదాలు కళ్లముందు కనిపించాయి.

పాతపుస్తకాలు

ఉందండి. నిద్ర మరణంలో అరవయ్యవ వంతు అని బెరఖోత్ భాగం 57వ పుటలో ఉంది. అందుకే రాత్రి పడుకునేముందు చదివే ప్రార్థనలో 31వ కీర్తన నుండి “నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను” అన్న మాటను చేర్చుకున్నారు. రాత్రి అప్పగింత, ఉదయం తిరిగి పుచ్చుకోవడం. ‘మోదే అని’ని ఒంటరి వాక్యంగా చదివితే సగమే చదివినట్టు. దాని మొదటి సగం రాత్రి పలికేసి ఉంటారు.

చేబ్రోలు బాట

ఒక చిన్న విషయం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలను పాటిస్తున్నాయి, వారికి అక్కడ సమాజమందిరం కూడా ఉంది. కనుక పొద్దుపొడుపు గారి ప్రశ్న కేవలం పండితుల కుతూహలం కాదు. తెలుగు తల్లి తెలుగు బిడ్డను లేపి ఈ వాక్యం అర్థం చెప్పవలసిన ఇళ్లు మన నేలమీదనే ఉన్నాయి. ఆ బిడ్డకు ‘విశ్వసనీయత’ అన్న మాట అర్థం కాదు. దయచేసి దానిని మార్చండి.

పొద్దుపొడుపు

అందరికీ రుణపడి ఉన్నాను. ‘గొప్ప’ను తొలగించాను, ‘విశ్వసనీయత’ను కూడా కొట్టివేశాను. ఇప్పుడు మొదటి మాట గురించి.

‘మోదే’కు కృతజ్ఞత ఒక అర్థమైతే, ఒప్పుకోలు రెండవ అర్థమని నిఘంటువులో చూశాను. ఆదికాండము 29వ అధ్యాయంలో లేయా తన నాలుగవ కుమారుడికి యూదా అని పేరు పెడుతూ పలికిన క్రియ కూడా ఇదే వేరునుండి వచ్చింది. మన బైబిలు అక్కడ ‘స్తుతించెదను’ అంది. ‘యూదులు’ అనే పేరు ఆ యూదా నుండి వచ్చింది కనుక, ఆ జాతి పేరులోనే ఈ ప్రార్థన మొదటి మాట దాగి ఉంది.

ఇప్పుడు నాకు తోచింది చెబుతాను. కృతజ్ఞత అనే మన మాట చాలా గొప్పది. కృతాన్ని, అంటే చేసినదానిని, ఎరిగి ఉండటం కృతజ్ఞత. ఎరుక అందులోనే ఉంది. కానీ ‘కృతజ్ఞతలు తెలుపుతున్నాను’ అనగానే ఆ ఎరుక ఆవిరైపోయి మర్యాద మాత్రమే మిగులుతుంది. వాడుకలో ఆ మాట అంతగా అరిగిపోయింది. ‘ఒప్పుకుంటున్నాను’ అంటే అలా కాదు. నాదని అనుకున్నది నాది కాదని, మరొకరు తిరిగి ఇస్తే నా దగ్గర ఉన్నదని ఒప్పుకోవడం అది. దాన్ని మర్యాద కోసం ఎవరూ పలకరు.

మరొక సౌలభ్యం కూడా ఉంది. ‘కృతజ్ఞుణ్ణి’, ‘కృతజ్ఞురాలిని’ అని రాస్తే పురుషుడికి ఒక వాక్యం, స్త్రీకి ఒక వాక్యం కావాలి. ‘ఒప్పుకుంటున్నాను’ ఇద్దరికీ సరిపోతుంది. హీబ్రూలో ‘నేను’కు ముందే ‘మోదే’ వస్తుందని, రోజులో మొదటి మాట ‘నేను’ కాకూడదనే అలా అమరిందని బోధకులు చెబుతారు. తెలుగులో క్రియ వాక్యం చివరకు వెళుతుంది కనుక ఆ అమరిక పోతుందని మొదట దిగులు పడ్డాను. తరువాత గమనించాను: ‘ఒప్పుకుంటున్నాను’లో ‘నేను’ చివరి ‘ను’గా మాత్రమే ఉంది. వాక్యాన్ని ఈ క్రియతోనే ప్రారంభించి, ‘నేను’ను విడిగా రాయకుండా వదిలితే, మన భాషలో కూడా ఒప్పుకోలు ముందు వచ్చి మనిషి దాని వెనుక వస్తాడు.

పాతపుస్తకాలు

మీ ఎంపికకు ధర్మశాస్త్రంలోనే బలం ఉంది. అప్పిచ్చినవాడు నూరు రావాలంటే, తీసుకున్నవాడు యాభై మాత్రమే ఇవ్వాలని ఒప్పుకున్న వ్యాజ్యంలో ఆ రెండవవాడిని ‘మోదే బెమిక్త్సాత్’ అంటారు, అంటే కొంతమేరకు ఒప్పుకున్నవాడు. మిగిలిన యాభై గురించి అతను ప్రమాణం చేయవలసి ఉంటుంది. రచ్చబండ దగ్గర అప్పు ఒప్పుకునే మాటే ఉదయపు పడక మీద పలికే మాట కూడా.

ఇదే వేరునుండి వచ్చిన ‘మోదిమ్’ అనే దీవెన రోజువారీ ప్రధాన ప్రార్థనలోని పంతొమ్మిదింటిలో పద్దెనిమిదవది. ఆ ప్రార్థనను నాయకుడు అందరి తరఫున బిగ్గరగా మళ్లీ చదివేటప్పుడు, మిగిలిన దీవెనలకు సభ ‘ఆమేన్’ అంటే చాలు. ‘మోదిమ్’ దగ్గర మాత్రం ప్రతి ఒక్కరూ వంగి తమ సొంత నోటితో వేరొక పాఠాన్ని పలుకుతారు. పద్నాలుగవ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవీల్‌లో జీవించిన ప్రార్థనల వ్యాఖ్యాత అబుదర్హామ్ దీనికి కారణం చెప్పాడు. కోరికలను మన తరఫున మరొకరు విన్నవించవచ్చు గాని, కృతజ్ఞతను ప్రతినిధి ద్వారా పంపడానికి వీలులేదు.

వేకువ ప్రశ్న

నేను ఈ వేదికలో ఇంతవరకు ఏమీ రాయలేదు, చదువుతూ మాత్రమే ఉన్నాను. ఈ ప్రశ్న ఎవరినీ నొప్పించాలని అడగటం లేదు. మా నాన్నగారు నాలుగు నెలల క్రితం రాత్రి భోజనం చేసి, మరునాటికి పొలానికి కూలీలను పిలవమని మా అన్నయ్యకు చెప్పి పడుకున్నారు. తెల్లవారి లేవలేదు. సుఖమైన మరణమని అందరూ అన్నారు. అప్పటినుండి నాకు మెలకువ వచ్చిన ప్రతిసారీ మొదట గుర్తుకు వచ్చేది ఆ ఉదయమే. కనికరంతో ప్రాణం తిరిగి ఇచ్చావని ఈ ప్రార్థన చెబుతోంది. తిరిగి ఇవ్వని ఉదయాన ఆ ఇంట్లో మిగిలినవారు ఏమి ఒప్పుకోవాలి?

కోనసీమ ఆడపడుచు

తమ్ముడూ, నీకు నేను ఏమి చెప్పగలను. సవ్తా భర్త కూడా నిద్రలోనే పోయారని ఆమె ఒకసారి చెప్పింది. ఆ మరుసటి ఉదయం ఈ మాటలు అన్నావా అని అడగాలని ఎన్నోసార్లు అనుకుని, అడగలేక ఊరుకున్నాను. నీ ప్రశ్న చదివాక ఈరోజు అడిగాను. చాలాసేపు మౌనంగా ఉండి, “పెదవులు కదిలాయి, గొంతు రాలేదు” అంది. ఎన్నాళ్లకు గొంతు వచ్చిందని నేను అడగలేదు.

పాతపుస్తకాలు

మిత్రమా, మీ నాన్నగారికి నా నివాళి. మీ ప్రశ్నకు సమాధానం నా దగ్గర లేదు, కానీ ఆ సంప్రదాయం ఈ ప్రశ్నను తప్పించుకోలేదని మాత్రం చెప్పగలను.

మృతదేహం ఇంకా ఇంట్లో ఉండగా, ఖననం జరిగేవరకు, దగ్గరి బంధువును ‘ఓనేన్’ అంటారు. ఆ వ్యవధిలో అతడికి దేవుడు ఒక్కడే అని చాటే షెమా పఠనం నుండి, ప్రధాన ప్రార్థన నుండి మినహాయింపు ఉందని తాల్ముదుకు మూలమైన మిష్నాలో బెరఖోత్ మూడవ అధ్యాయం మొదట్లోనే చెబుతుంది. చనిపోయినవారు కళ్లముందు ఉండగా స్తుతించమని ధర్మశాస్త్రం ఎవరినీ నిర్బంధించదు. ఇది నాకు చాలా పెద్ద దయగా కనిపిస్తుంది. అదే బెరఖోత్ తొమ్మిదవ అధ్యాయం మంచికి దీవెన చెప్పినట్టే చెడుకు కూడా చెప్పాలంటుంది. అయితే ఆ రెండు దీవెనల మాటలు ఒకటి కావు. మరణవార్త విన్నప్పుడు చెప్పేది ‘సత్యమైన న్యాయాధిపతి’ అన్న మాట. అందులో సంతోషం నటించనవసరం లేదు.

‘ఎలోహాయ్ నెషమా’ సంగతి పైన రాశాను. “నీవే దీనిని నాలో ఊదావు, నాలో కాపాడుతున్నావు, ఒకరోజు నానుండి తీసుకుంటావు, రాబోయే కాలంలో తిరిగి ఇస్తావు” అని అది సాగుతుంది. తీసుకుంటావన్న మాటను ప్రతి ఉదయం పలుకుతూనే ఉంటారు. లేచిన మనిషికి రేపటి హామీ ఏదీ ఆ ప్రార్థన ఇవ్వదు.

అన్నింటికంటే ముఖ్యంగా, “నీవు ఎంతైన నమ్మదగినవాడవు” అన్న మాట ఏ గ్రంథంలో ఉందో చూడండి. నేలమట్టమైన యెరూషలేము మీద రోదించే ఐదు అధ్యాయాల విలాపం అది. ఆలయ విధ్వంసాన్ని తలచుకునే ఆవ్ నెల తొమ్మిదవ తేదీన ఉపవాసం ఉండి నేలమీద కూర్చుని దానిని చదువుతారు. మూడవ అధ్యాయం “నేను ఆయన ఆగ్రహదండం చూసిన మనిషిని” అన్న భావంతో మొదలై, చీకటిలో నడిపించాడనీ, మొర విననివ్వలేదనీ చెప్పుకుంటూ వచ్చి, ఆ మధ్యలో ఈ మాట దగ్గరకు చేరుతుంది. దీనిని పలికినవాడు ఆ ఉదయం చుట్టూ చూస్తే కనిపించింది శిథిలాలే. పన్నెండు మాటల ఈ ప్రార్థన తన చివరి రెండు మాటలనూ ఆనందగీతం నుండి తీసుకోలేదు.

వేకువ ప్రశ్న

పాతపుస్తకాలు గారూ, అక్కా, మీకు ధన్యవాదాలు. విలాపవాక్యములు మూడవ అధ్యాయం తెలుగులో మొదటినుండి చివరివరకు చదివాను. ఓనేన్ గురించి తెలుసుకోవడం నాకు ఊరటనిచ్చింది. ఆ మూడు రోజులూ దేవుడి గదిలో దీపం పెట్టలేదని మా అమ్మ ఇప్పటికీ బాధపడుతూ ఉంటుంది. ఆమెకు ఈ సంగతి చెప్పాను.

చేబ్రోలు బాట

‘ఎమూనతేఖా’లోని ‘ఎమూనా’ మిగిలింది. ఆ మాటకు వేరు ‘ఆమేన్’కు ఉన్న వేరే. అమాలేకీయులతో యుద్ధంలో సూర్యాస్తమయం వరకు మోషే చేతులు నిలకడగా ఉన్నాయని చెప్పేచోట కూడా నిర్గమకాండము ‘ఎమూనా’నే వాడుతుంది. అందుకని ‘నిలకడ’ అంటే ఎలా ఉంటుంది? అయితే ఇక్కడ మరొక అర్థం చెప్పేవారు కూడా ఉన్నారు: ‘నీ నమ్మకం గొప్పది’, అంటే ఈ మనిషికి ఇంకొక రోజు ఇవ్వవచ్చని దేవుడు మనమీద ఉంచిన నమ్మకం. నాకు ఈ రెండవది హృదయానికి దగ్గరగా ఉంది.

పాతపుస్తకాలు

రెండవ అర్థం అందమైనదే గాని విలాపవాక్యాల సందర్భానికి మొదటిదే నప్పుతుందని నా అభిప్రాయం. మిద్రాష్‌లోని, అంటే లేఖనాల మీద పూర్వపు రబ్బీల వ్యాఖ్యానాలలోని ఒక పోలిక కూడా దానికే సాక్ష్యం చెబుతుంది. మనుషుల దగ్గర దాచిన వస్తువు తిరిగి వచ్చేసరికి పాతబడుతుంది, మాసిపోతుంది. అలసిపోయిన ప్రాణాన్ని రాత్రి దేవుడి దగ్గర దాచితే ఉదయానికి అది కొత్తదై తిరిగి వస్తుంది. మరొకచోట తాకట్టు ప్రస్తావన ఉంది. పేదవాడి వస్త్రాన్ని తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగి ఇవ్వాలని నిర్గమకాండము ఆజ్ఞ. మనం ఎంతో బాకీ ఉన్నా దేవుడు ఆ తాకట్టును అట్టిపెట్టుకోకుండా ప్రతి ఉదయం విడిపించి ఇస్తున్నాడని పెద్దలు చెప్పారు. అప్పగించినదాన్ని చెడకుండా తిరిగి ఇచ్చేవాడిని మన ఊళ్లలో ఏమంటారు? నమ్మకస్థుడు అంటారు.

పొద్దుపొడుపు

నాకు కావలసిన మాట దొరికింది. ‘నెషమా’ విషయంలో ఆదికాండము రెండవ అధ్యాయాన్ని చూశాను. నరుడి నాసికలో దేవుడు ఊదినది అదే మాట, మన బైబిలులో ‘జీవవాయువు’. ఊపిరీ జీవమూ ఒకే మాటలో ఇమిడిన ‘ప్రాణం’ మనకు ఉండగా ‘ఆత్మ’ను వెతుక్కోవడం నా పొరపాటు. ‘బీ’ అంటే ‘నాకు’ కాదు, ‘నాలోకి’. ఇప్పటి రూపం ఇది:

“ఒప్పుకుంటున్నాను నీ ఎదుట, బ్రతికి ఉండే రాజా, నిలిచి ఉండే రాజా, నా ప్రాణాన్ని నాలోకి తిరిగి ఇచ్చావు కనికరించి. ఎంతో నమ్మకస్థుడివి.”

‘కనికరించి’ తరువాత చుక్క పెట్టాను. అక్కడ ఆగాలి.

చేబ్రోలు బాట

‘ఎంతో’కు బదులు ‘ఎంత’ అంటే బాగుంటుందేమో. “ఎంత నమ్మకస్థుడివి!” అన్నప్పుడు ఆశ్చర్యం కూడా వస్తుంది.

పొద్దుపొడుపు

ఆలోచించాను. విలాపవాక్యాల నేపథ్యం తెలిశాక ఆశ్చర్యార్థకం పెట్టడానికి చేయి రాలేదు. ‘ఎంతో’ను అలాగే ఉంచుతున్నాను, మన్నించండి.

కోనసీమ ఆడపడుచు

మాస్టారూ, ఈరోజు ఉదయం సవ్తా తన మాటలు పూర్తిచేశాక మీ వాక్యాన్ని తెలుగులో ఆమెకు చదివి వినిపించాను. ‘కనికరించి’ దగ్గర ఆగాను. తన భాష కాకపోయినా, నేను ఆగిన చోటు విని తల ఊపింది. ‘బీ’ ఏది అని అడిగింది. ‘నాలోకి’ అన్నాను. ఆ మాటను మూడుసార్లు పలకడానికి ప్రయత్నించి, మూడోసారి సరిగ్గా పలికింది. ఆ తరువాత చేతులు చాపింది, నేను నీళ్లు పోశాను.